ఆగి ఉన్న కారు తినే కరెంటు

రాత్రి బాగానే ఆపాం. పొద్దున తాళం తిప్పితే టక్‌టక్‌మని చప్పుడు, అంతే. దారిన పోయేవాళ్లను బతిమాలి తోయించుకుని, సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలి ఎలాగో స్టార్ట్ చేసి, తిన్నగా బ్యాటరీ షాపు ముందు ఆపుతాం. అతను టెస్టర్ పెట్టి చూసి ‘వీక్ అయింది’ అంటాడు. నిజమే, రాత్రంతా ఖాళీ అయిన బ్యాటరీ బలంగా ఎలా ఉంటుంది? కొత్తది వేయించుకుంటాం. కొన్నాళ్లకు మళ్లీ అదే టక్‌టక్. ఈసారి తిట్లు బ్యాటరీ కంపెనీకి.

మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లోనైతే ఆ తిట్లలో ఎండకూ వాటా ఉంటుంది. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు కొత్త కాదు. బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఊరిని ఆనుకునే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. ఇన్ని వేడి చిరునామాలున్న ఊళ్లో బ్యాటరీ చచ్చిపోయిందంటే కారణం అడిగేవాడెవడు? ‘ఇక్కడి ఎండకు ఏ బ్యాటరీ ఆగుతుందండీ’ అంటే అందరూ తలూపుతారు. ఆ తలూపుడులోనే మన డబ్బు పోతోంది. కారణం తెలిసిపోయిందనుకున్న మనిషి ఇక వెతకడు.

ఎండకు తప్పు లేదని కాదు. సీసం ప్లేట్లు, చుట్టూ సల్ఫ్యూరిక్ ఆమ్లం. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసి చూపించిన సూత్రమే ఇవాళ తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే బ్యాటరీలోనూ పనిచేస్తోంది. ఆ రసాయన చర్యకు వేడి తగిలితే వేగం పెరుగుతుంది. దాదాపు ప్రతి 10 డిగ్రీలకు, ఊరికే పెట్టిన బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం రెట్టింపవుతుందని లెక్క వేసుకోవచ్చు. సెల్స్‌లో నీళ్లు తొందరగా ఆవిరైపోతాయి, ప్లేట్లు తేలతాయి, ఆయుష్షు తగ్గుతుంది. కానీ ఎండ ఆయుష్షును నెలల లెక్కన కోస్తుందే తప్ప, మంచి బ్యాటరీని రాత్రికి రాత్రి పడుకోబెట్టదు. పొద్దుగూకాక ఆపిన కారు తెల్లారేసరికి లేవడం లేదంటే అనుమానించాల్సింది ఇంకొకరిని.

ముందుగా తేల్చుకోవాల్సింది మన కారుకు ఉన్న జబ్బు మూడింట్లో ఏది అన్నది. బ్యాటరీకి ఎక్కిన ఛార్జి నిలవడం లేదా? అసలు ఎక్కడమే లేదా? ఎక్కి, నిలిచి, ఎవరో తింటున్నారా? మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒక్కటే, టక్‌టక్. మందులు మాత్రం వేరు వేరు.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు, 10 నంబరు స్పానరు, ఒక నోటుబుక్కు. మూడోది మర్చిపోకండి, దాని పని తర్వాత చెప్తాను. సాయంత్రం కారు ఆపి, హెడ్‌లైట్లు ఒక నిమిషం వెలిగించి ఆర్పి (బ్యాటరీ మీద పైపైన నిలిచిన వోల్టేజి పోవడానికి), కాసేపయ్యాక డీసీ వోల్టుల మీద పెట్టి కొలవండి. 12.6 ఉంటే నిండా ఉన్నట్టు. 12.4 ముప్పావు, 12.2 సగం. 12 దగ్గర ఉందంటే పావుకు దిగినట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటరు తన పని తాను చేస్తోంది. 13 కూడా దాటకపోతే ఛార్జింగులోనే లోపం. ముందు బెల్టు, ఆ తర్వాత ఆల్టర్నేటరు చూపించుకోండి, ఈ అధ్యాయం మిగతాది మీకు తర్వాత పనికొస్తుంది.

ఛార్జింగు బాగానే ఉందనుకుందాం. ఆ రాత్రి నెగటివ్ కేబుల్ విప్పి పక్కకు పెట్టి పడుకోండి. పొద్దున వోల్టేజి చూసి, కేబుల్ బిగించి సెల్ఫ్ కొట్టండి. రాత్రి ఎంత ఉందో దాదాపు అంతే ఉండి, ఇంజన్ ఠపీమని అందుకుంటే బ్యాటరీ నిర్దోషి, కారు లోపల ఎవరో తింటున్నారు. కేబుల్ విప్పినా వోల్టేజి దిగిపోతే తప్పు బ్యాటరీ దగ్గరే. ఒక్క రాత్రి, ఒక్క స్పానరు. వేలు పోసి కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంత తేలికైన పరీక్ష ఎందుకు చెయ్యమో నాకు అర్థం కాదు. బహుశా డబ్బు ఇచ్చేస్తే సమస్యకు తెర పడిందన్న తృప్తి వెంటనే దొరుకుతుంది, రాత్రంతా ఆగితే గానీ ఈ జవాబు దొరకదు కాబట్టి కావచ్చు.

ఇక్కడ భద్రత మాట ఒకటి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. వరస తారుమారైతే పాజిటివ్ మీద ఉన్న స్పానరు బాడీకి తగిలి వెల్డింగు నిప్పులు లేస్తాయి. ఉంగరాలు, వాచీ తీసేయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వద్దు.

ఇక అసలు వేట.

కారు మొత్తం నిద్రపుచ్చండి. తాళం చెవి తీసేయాలి. మొబైల్ ఛార్జరు, డ్యాష్‌క్యామ్ లాంటివి ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి, అవీ అనుమానితులే. డోరు తెరిచి పని చెయ్యాలంటే డోరు పక్కనున్న బొత్తాం స్విచ్ నొక్కి టేపు వెయ్యండి, లేకపోతే లోపలి లైటు లెక్కలోకి వస్తుంది. పాత కార్లకు పావుగంట చాలు, సెంట్రల్ లాకింగు, అలారం ఉన్నవాటికి అరగంట ఆగండి. అన్నీ ఆగకముందే కొలిచి ‘ఇదిగో దొరికింది’ అని సంబరపడ్డవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు నెగటివ్ కేబుల్ విప్పి, దానికీ బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మధ్య మొదట మీటరు కాదు, ఒక 12 వోల్టుల ఇండికేటరు బల్బు పెట్టండి. పాత వైర్‌మెన్ల పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్ని మించినది లేదు. బల్బు బాగా వెలిగితే ఎక్కువ కరెంటే పోతోంది, మీటరుకు ప్రమాదం. వెలక్కపోతేనో, గుడ్డిగా ఎర్రబడితేనో మీటరు పెట్టొచ్చు. ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, డయలు అక్కడికే తిప్పి, బల్బు ఉన్నచోట మీటరు రెండు మొనలూ ఆనించండి. కరెంటు ఇప్పుడు మీటరు గుండానే పోవాలి. ఈ స్థితిలో సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైటు వెయ్యకూడదు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. చవక మీటర్ల మీద ఆ రంధ్రం పక్కన చిన్న అక్షరాలతో ‘అన్‌ఫ్యూజ్డ్’ అని ఉంటుంది, అంటే పొగ వచ్చేదాకా కాపాడేది ఏదీ లేదని. ఇదే అమరికలో మీటరును పాజిటివ్‌కూ నెగటివ్‌కూ నేరుగా ఎప్పుడూ ఆనించవద్దు, అది నిలువునా షార్టు. పని అయ్యాక ఎర్ర వైరును మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చండి.

ఇప్పుడు మీటరు మీద ఒక అంకె ఉంది. ఎంత ఉండొచ్చు? 50 మిల్లీ ఆంపియర్ల దాకా పర్వాలేదని అందరూ చెప్తారు. ఆ మాట గుడ్డిగా నమ్మకండి, మన బ్యాటరీకి తగ్గట్టు లెక్క వెయ్యండి. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. మారుతి 800, ఆల్టో లాంటి చిన్న కార్లలో బ్యాటరీయే 35. అంటే పిల్లల సెలవులకు కరీంనగర్ వెళ్లి నెల తర్వాత వస్తే, ‘పర్వాలేదు’ అన్న కరెంటే మొత్తం ఊడ్చేస్తుంది. పైగా కార్బురేటరు కాలపు 800లో కంప్యూటరు లేదు, మేలుకుని ఉండాల్సింది గడియారం, పాటల డబ్బాలో చిన్న జ్ఞాపకం, అంతే. అలాంటి కారులో అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంజక్షన్ ఇంజన్లకు 20, 30 మిల్లీ ఆంపియర్లు సహజం.

అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. ఒకటి పీకండి, అంకె చూడండి, రాయండి, తిరిగి పెట్టండి, ఆ తర్వాతే ఇంకొకటి. నోటుబుక్కు పని ఇక్కడ. మనలో ఓపిక తక్కువవాళ్లు నాలుగు ఫ్యూజులు ఒకేసారి పీకేస్తారు, అంకె పడిపోతుంది, ఏ ఫ్యూజుకు పడిందో తెలీదు. ఒకసారికి ఒకటే మార్చాలన్న నియమం చాలా చిన్నది, పాటించేవాళ్లు ఇంకా తక్కువ. ఒంట్లో బాగోలేకపోతే డాక్టరునూ, మందునూ, పథ్యాన్నీ ఒకే వారంలో మార్చి ‘ఏది పనిచేసిందో ఏమో’ అనుకునే ఇళ్లు మనకు తెలీనివి కావు.

ఫ్యూజు పీకడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. బ్లేడు ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. నెగటివ్ కేబుల్ బిగించి, కారు మళ్లీ నిద్రపోయాక, ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోకి మార్చి, మీటరును మిల్లీ వోల్టుల మీద పెట్టి వాటిని తాకండి. దాని గుండా చెప్పుకోదగ్గ కరెంటు పోతుంటే అంకె కదులుతుంది. పోకపోతే సున్నా. దేన్నీ కదపకుండా ఫ్యూజ్ బాక్సంతా ఇలా చూసేయొచ్చు. సెంట్రల్ లాకింగు డబ్బా ఉన్న కార్లకు ఇదే మేలు, ఫ్యూజు పీకి పెట్టగానే ఆ డబ్బా మళ్లీ మేలుకుని మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బల్లార్‌పూర్ రోడ్డు మీద ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఈ వేట మొదటినుంచి చివరిదాకా చూసే అవకాశం దొరికింది. మనవాడే, మాటలో కరీంనగర్ వాసన. గని నుంచి రిటైరైన పెద్దాయన ఒకరు పాత జెన్ తెచ్చారు. ఆదిలాబాద్ వైపు ఎవరి దగ్గరో కొని, ఇక్కడికి తెచ్చి ఎంహెచ్-34 నంబరు వేయించుకున్న బండి. కొత్త బ్యాటరీ. అయినా సోమవారం సోమవారం లేవదు.

‘తమ్మీ, బ్యాటరీ కొని రెండు నెలలు కాలే’ అని పెద్దాయన మొర.

‘బ్యాటరీ కొత్తదే కాకా, తినేటోడు పాతోడు’ అన్నాడతను, బల్బు తీస్తూ.

బల్బు మందంగా వెలిగింది. మీటరు పెడితే 0.62 ఆంపియర్లు. లోపలి లైటు, పాటల డబ్బా ఒకే ఫ్యూజు మీద ఉన్నాయి. ఆ ఫ్యూజు తీయగానే అంకె 0.02కు పడింది. చాలామంది ఇక్కడ ఆగి ‘లైటు స్విచ్చే’ అనేస్తారు. అతను ఫ్యూజు మళ్లీ పెట్టి, లోపలి లైటు బల్బు ఊడదీశాడు. అంకె కదల్లేదు. అప్పుడు డ్యాష్‌బోర్డులోంచి పాటల డబ్బా లాగాడు. వెనక పసుపు వైరు, ఎర్ర వైరు కలిపి మెలేసి నల్ల టేపు చుట్టి ఉంది, ఎండకు టేపు జిగురు కారి వేళ్లకు అంటుతోంది. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి. ఎర్రది తాళం తిప్పినప్పుడే బతకాలి. రెండూ కలిపేస్తే తాళం లేకుండానే పాటలు వస్తాయి, అందుకే ఎవరో పాత ఓనరు ముచ్చటపడి కలిపించాడు. డబ్బా ముందు మొహం ఆరిపోయినా దాని లోపలి భాగాలు, సీటు కింది ఆంప్లిఫయరు సహా, మేలుకునే ఉంటున్నాయి.

సోమవారం చిక్కు అక్కడే విడిపోయింది. 0.62 ఆంపియర్లు పది గంటల రాత్రికి 6 ఆంపియర్ అవర్లే తింటాయి. రోజూ తిరిగే కారు ఎలాగో నెట్టుకొస్తుంది. శనివారం రాత్రి ఆపి సోమవారం పొద్దున తీస్తే 35 గంటలు, 22 ఆంపియర్ అవర్లు, 35 బ్యాటరీలో సగం కంటే ఎక్కువ. వేల మెగావాట్లు తయారుచేసే ఊళ్లో ఒక కారును మంచాన పడేసింది 8 వాట్లు కూడా లేని కరెంటు. అందుకే మీ కారు ఎప్పుడు లేవడం లేదో తేదీ, వారం, ఎన్ని గంటలు ఆగిందో నోటుబుక్కులో రాయమంటాను. మీటరు కొనకముందే సగం జవాబు ఆ పేజీలో ఉంటుంది.

అతను ఎర్ర వైరును తాళంతో వచ్చే లైనుకు విడిగా చిన్న ఫ్యూజుతో కలిపి, టంకం వేసి, స్లీవు తొడిగాడు. టేపు వాడలేదు. ఇక్కడి ఎండలో టేపు కట్టు ఒక్క వేసవి కూడా నమ్మదగ్గది కాదు.

పాత కార్లలో దొంగలు ఎక్కువగా ఇలా తర్వాత చేరినవాళ్లే. రివర్స్ కెమెరా, అలారం, జీపీఎస్ డబ్బా, అదనపు హారన్ల రిలే, ఎప్పుడో తీసేసిన ఫాగ్ లైట్ల తాలూకు మిగిలిపోయిన వైరు. మా జిల్లాలోని రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలోదే. సరిహద్దు జరిగినా రాకపోకలు, బంధుత్వాలు ఆగలేదు, వాటితో పాటు సెకండ్‌హ్యాండ్ కార్లూ. పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్న బండిలో ఎన్ని ఊళ్ల మెకానిక్కుల చేతులు పడ్డాయో ఏ కాగితంలోనూ ఉండదు. కంపెనీ వైరింగు పటం చూసి ప్రయోజనం లేదు, వైర్లు పట్టుకుని వెళ్లాల్సిందే.

కంపెనీ వస్తువుల్లో ముందు చూడాల్సినవి డిక్కీ లైటు, గ్లవ్ బాక్సు లైటు, బ్రేకు పెడలు స్విచ్. డిక్కీ మూశాక లైటు ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఫోను వీడియో పెట్టి లోపల వదిలి మూసేయండి, కాసేపాగి తీసి చూడండి. బ్రేకు లైట్లకు చీకట్లో కారు వెనక ఒక్క చూపు చాలు.

ఫ్యూజులన్నీ చూసినా అంకె దిగకపోతే? చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే, మిగిలింది మాత్రం కొంచెమే. ఆల్టర్నేటరు లావు వైరు లోపలి ఫ్యూజ్ బాక్సు గుండా పోదు. ఆల్టర్నేటరులోని డయోడ్లు బ్యాటరీ వైపు కరెంటు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. ఒక డయోడు చెడితే రాత్రంతా వెనక్కి కారుతుంది. చలికాలం పొద్దున్నే, కారు కదపకముందు, ఆల్టర్నేటరు మీద చెయ్యి పెట్టండి. మిగతా ఇంజన్ చల్లగా ఉండి అది మాత్రం గోరువెచ్చగా ఉంటే దొంగ దొరికినట్టే. వేసవిలో ఈ పరీక్ష కుదరదు, ఇక్కడ అన్నీ వెచ్చగానే ఉంటాయి. అప్పుడు నెగటివ్ విప్పి, లావు వైరు ఊడదీసి, దేనికీ తగలకుండా గుడ్డ చుట్టి, మళ్లీ మీటరు పెట్టి చూడండి. డైనమో కాలపు పాత అంబాసిడరో, పద్మినియో ముచ్చటగా ఉంచుకున్నవాళ్లు కటౌట్ పాయింట్లు చూసుకోవాలి, అవి అతుక్కుపోతే బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అవుతుంది.

మా జిల్లాకు ప్రత్యేకమైన దొంగ ఒకడున్నాడు. ఘుగ్గుస్, దుర్గాపూర్, సాస్తి వైపు తిరిగే కార్ల బ్యాటరీ మీద బొగ్గు దుమ్ము పొరలా కూర్చుంటుంది. మూతల్లోంచి వచ్చే ఆమ్లపు తేమ దాన్ని తడిపితే రెండు టెర్మినళ్ల మధ్య కరెంటు పాకే దారి ఏర్పడుతుంది. మీటరు నల్ల మొన నెగటివ్ పోస్టుకు ఆనించి, ఎర్ర మొనను బ్యాటరీ పైభాగం ప్లాస్టిక్ మీద అక్కడక్కడా తాకించండి. సున్నా కాకుండా వోల్టులు కనిపిస్తే అదే. కేబుళ్లు విప్పి, మూతలన్నీ గట్టిగా బిగించి, తినే సోడా కలిపిన నీళ్లతో బ్రష్షు పెట్టి కడగండి, నురగ ఆగేదాకా. సోడా చుక్క కూడా సెల్లులోకి పోకూడదు. ఆరాక టెర్మినళ్లకు వాజలిన్ రాయండి. పైన చెప్పిన కేబుల్ విప్పే పరీక్షలో బ్యాటరీ తప్పిందంటే, పడేసేముందు ఇది ఒకసారి చేసి చూడండి, కేబుల్ లేకున్నా ఈ పాకుడు ఆగదు కదా. సెల్స్‌లో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

వెతకడం విసుగనిపించి, నెగటివ్ దగ్గర కటాఫ్ స్విచ్ పెట్టించుకుని రోజూ ఆపేవాళ్లున్నారు. నెలకోసారి తీసే కారుకు అది మంచి ఏర్పాటే. రోజూ వాడే కారుకు నేను ఒప్పుకోను. వైరు ఎక్కడో ఒరుసుకుని కారుతోందంటే అది నిప్పుకు కూడా దారి. స్విచ్ వేసి నడుపుతున్నంతసేపూ ఆ వైరు అలాగే ఉంటుంది.

ఆలస్యం మాత్రం చెయ్యకండి. సగం ఖాళీగా రోజుల తరబడి ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఆపై ఎంత ఛార్జి పెట్టినా పూర్తిగా కరగదు. దొంగను పట్టకుండా కొత్త బ్యాటరీ వేస్తే దానికీ అదే గతి. వారంటీలో మార్చమని అడిగితే, తయారీ లోపం కాదని షాపువాళ్లు చెప్పే మాటలో అన్యాయం ఉండకపోవచ్చు. దొంగ దొరికాక బ్యాటరీని ఛార్జరు మీద రాత్రంతా నింపించండి. జట్‌పురా గేటు నుంచి గాంధీ చౌక్ దాకా ఏసీ వేసుకుని పోయొచ్చే తిరుగుడుతో ఖాళీ బ్యాటరీ నిండదు.

చివరగా ఒక కోరిక. మీ కారు నిద్రలో ఎంత తింటోందో, ఏ ఫ్యూజు తీస్తే ఎంత తగ్గిందో, ఏ వైరు ఎక్కడ మార్పించారో ఒక కాగితం మీద తేదీతో రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. కారు అమ్మేటప్పుడు ఆర్‌సీతో పాటు ఆ కాగితం కూడా కొనేవాళ్ల చేతికి ఇవ్వండి.